సగం విన్న ఇల్లు

పనికి రావద్దని చెప్పి ఇరవై రోజులైనా, పొద్దున్నే టిఫిన్ బాక్స్ సర్దే అలవాటు ప్రవీణను వదల్లేదు. బీరకాయ కూర ఒక గిన్నెలో, అన్నం ఇంకో గిన్నెలో పెట్టి మూత బిగించాక గుర్తొచ్చేది, తను ఎక్కడికీ పోయేది లేదని. ఆ మంగళవారం కూడా అదే జరిగింది. మూత తీసి కూరను మళ్ళీ గిన్నెలోకి ఒంపుతుంటే, హాల్లో కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తగారు మణెమ్మ చూసి కూడా చూడనట్టు తల తిప్పుకుంది.

ప్రవీణ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కౌన్సెలింగ్ సెంటర్‌లో పదకొండేళ్ళుగా కౌన్సెలర్. మనసు బాగాలేని వాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చుంటారు. ఇంట్లోవాళ్ళకు చెప్పుకోలేనివి ఆమెకు చెప్పుకుంటారు. ఆ మాటలు ఆ గదిలోనే ఉండిపోవాలి, అదొక్కటే ఆ పనికున్న పరువు. అలాంటిది, తన దగ్గరకొచ్చిన మనిషి రహస్యం బయటపెట్టిందని ఎవరో ఆమె మీద ఫిర్యాదు రాసిచ్చారు. ఎవరు, ఏం రాశారు అంటే సెంటర్ వాళ్ళు చెప్పలేదు. నువ్వేమంటావని ఆమెనూ అడగలేదు. కొన్నాళ్ళు ఇంటి దగ్గరుండమ్మా అన్నారు, అంతే.

"ఇంకెన్ని రోజులు గిట్ల?" అంది ప్రవీణ, ఎవరినీ ఉద్దేశించకుండా.

బూట్లు తొడుక్కుంటున్న మహిపాల్ తలెత్తాడు. బడంగ్‌పేట్ వైపు ప్లాట్లు చూపించి అమ్మిపెట్టే వ్యాపారం అతనిది. మనిషి మెత్తన, మాట తియ్యన.

"నువ్వు పరేషాన్ కాకు. ఆ కంప్లైంట్ ఇచ్చినోళ్ళెవరో గానీ, నీ అసొంటి మనిషి మీద రాయనీకె చేతులెట్ల ఒచ్చినయో. వాళ్ళు బాగుపడరు, సూడు."

మొగుడు అలా అన్నప్పుడల్లా ప్రవీణకు కళ్ళు చెమ్మగిల్లేవి. లోకమంతా వేలెత్తి చూపినా ఇంట్లో ఒక మనిషి తన పక్షాన ఉన్నాడు, అది చాలనుకునేది. ఆ ఇరవై రోజులు ఆమె తిన్న నాలుగు మెతుకులూ ఆ ఓదార్పు మాటల మీదే తిన్నది.

అతను వెళ్ళిన పది నిమిషాలకు ఫోన్ మోగింది. సెంటర్ నడిపే రాఘవేంద్ర.

"ప్రవీణగారూ, ఒకసారి వచ్చి వెళ్తారా అమ్మా? పెద్ద పనేం కాదు, ఒక్క సంతకం."

"ఏం సంతకం సార్?"

"వచ్చాక మాట్లాడుకుందాం లెండి."

మెట్రోలో ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ ఎంతసేపు గనక. ఆ కాస్త సేపట్లోనే ఆమెకు, సెంటర్‌లో తనతో పాటు పనిచేసిన అరుణజ్యోతి గుర్తొచ్చింది. రెండేళ్ళ కింద ఆ అమ్మాయి మీద కూడా ఇలాగే ఏదో ఫిర్యాదు వచ్చింది. ఇలాగే అడగకుండా పంపేశారు. వెళ్ళేముందు ఆ పిల్ల ప్రవీణ గది గుమ్మంలో నిలబడి, "మేడం, మీరన్న అడగండి, నేనేం చేసిన్నో" అంది. నిప్పు లేనిదే పొగ రాదులే అని మనసులో అనుకుని, ప్రవీణ నోరు మెదపలేదు. ఇప్పుడు ఆ గుమ్మంలో తను నిలబడింది.

కోచింగ్ సెంటర్ల బోర్డులతో నిండిన భవనం మూడో అంతస్తులో రాఘవేంద్ర గది. మర్యాద తెలిసిన గుంటూరు మనిషి. ముందు టీ తెప్పించాడు, తర్వాత కాగితం ముందుకు జరిపాడు. సొంత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నానని అందులో టైపు చేసి ఉంది.

"మీ మంచికే చెబుతున్నానమ్మా. ఇది పెట్టేస్తే ఫిర్యాదు ఫైలు కూడా మూసేస్తాం. మీ పేరు పాడవదు, మన సెంటర్ పేరూ పాడవదు. వనస్థలిపురంలో ఇంకో బ్రాంచి తెరుస్తున్నాం, ఈ టైములో గొడవెందుకు చెప్పండి?"

"నేను తప్పు చేసిన్నా సార్?"

"అలా అని నేనన్నానా?"

"చేయలేదని గూడ అంటలేరు. చేసి ఉంటే నన్ను ఇట్ల మర్యాదగ పంపుడు తప్పు. వేరే ఊర్ల ఇంకో సెంటర్ పెట్టుకుంట, ఇంకో మనిషి మోసపోతది. చేయకపోతే ఈ కాగితం ఇచ్చుడు తప్పు. రెండిట్ల ఏదో ఒకటి తేల్చుండ్రి. ముందు ఆ కంప్లైంట్ నాకు చూపియ్యుండ్రి."

"రాసినవాళ్ళ పేరు బయటపెట్టకూడదు కదమ్మా."

"పేరు మూసేసి సూపియ్యుండ్రి. బయటి మనిషినెవరినన్న పిలిచి కూర్చోబెట్టుండ్రి. వాళ్ళు అడిగినదానికల్లా నేను జవాబు చెప్త. అది అయ్యేదాకా నేను దేని మీదా సంతకం పెట్ట."

రాఘవేంద్ర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి సొరుగులోంచి రెండు పేజీల ఉత్తరం తీశాడు.

"నిజం చెప్పాలంటే, ఆ అమ్మాయే మీకు చూపించమని రాసింది. నేనే చూపించలేదు," అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.

నోటుబుక్కు కాగితం, గుండ్రటి అక్షరాలు. కింద ఉన్న పేరును ప్రవీణ రెండుసార్లు చదివింది. జ్యోతిక. నల్గొండ జిల్లాలో మహిపాల్ వాళ్ళ ఊరి పిల్లే, ఇప్పుడు వాళ్ళ కుటుంబం బడంగ్‌పేట్‌లో ఉంటోంది. నర్సింగ్ చదివింది. వైజాగ్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఇంట్లోవాళ్ళు మాత్రం కార్తీకంలో మేనబావతో నిశ్చితార్థం అంటున్నారు. కాదంటే అన్న జగన్ కొడతాడు. తెలిసినవాళ్ళను తీసుకోవద్దన్నది ఆ వృత్తిలో మొట్టమొదటి పాఠం. కానీ, "మీరు మా ఊరి కోడలు మేడం, మిమ్ములనైతే నమ్ముత" అని ఆ పిల్ల ఏడిస్తే ప్రవీణ కాదనలేకపోయింది. బయటికి రానివ్వరు కాబట్టి ఆదివారం పదకొండింటికి ఆ పిల్ల మిద్దె మీదికెక్కి ఫోన్‌లో మాట్లాడేది. ప్రవీణ ఇంట్లో పడగ్గది తలుపు మూసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినేది.

ఉత్తరం ఇలా ఉంది.

"మేడం మీద కోపంతో రాస్తలేను. ఆమెకు ఒక్కదానికే చెప్పిన మాటలు మా అన్న నోట్ల విన్న. దసరా కాంగనే వైజాగ్ పోతనని, అంతా సైదాబాద్‌ల దోస్తు ఇంట్ల పెట్టిన్నని అన్నకు తెలిసింది. ఏ దోస్తు ఇంట్ల పెట్టినవ్ ఆ బంగారం అని కొట్టిండు. నేను బంగారం ముట్టనే లేదు. నేను పెట్టింది నా సర్టిఫికెట్లు. అదే మేడంకు చెప్పిన. మేడం ఇట్లెందుకు చేసిందో నాకు సమజ్ అయితలేదు. ఆమెను అడగకుండ ఏమీ చేయకుండ్రి. ఈ ఉత్తరం ఆమెకు చూపియ్యుండ్రి. ఆమె ఏమంటదో నాకు చెప్పుండ్రి."

బంగారం అనే మాట దగ్గర ప్రవీణ చూపు ఆగిపోయింది.

ఎదుటి మనిషి చెప్పినదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గానే అర్థం చేసుకున్నానా అని అడగడం కౌన్సెలర్లకు నేర్పే పద్ధతి. జ్యోతిక ఆ సంగతి చెప్పిన ఆదివారం కూడా ప్రవీణ అదే చేసింది. "అంటే, మీ బంగారమంతా సైదాబాద్‌ల ఫ్రెండ్ ఇంట్ల పెట్టిండ్రు, దసరా కాంగనే వైజాగ్ వెళ్ళిపోతరు, అంతేనా జ్యోతికా?" అని అడిగింది. బంగారం కాదు మేడం, సర్టిఫికెట్లు అని ఆ పిల్ల దిద్దింది. సరే సరే, అర్థమైంది అని తను ముందుకు వెళ్ళిపోయింది. ఆ దిద్దుబాటు వినిపించింది తన చెవుల్లోని ఇయర్‌ఫోన్స్‌లో మాత్రమే. బంగారం అని నమ్మిన మనిషి జ్యోతిక మాట వినలేదు. ప్రవీణ గొంతొక్కటే విన్నది. మూసిన తలుపు అవతల నిలబడి విన్నది.

"ఏమైందమ్మా, మంచినీళ్ళు తాగండి," అంటున్నాడు రాఘవేంద్ర.

"రేపు ఆ బయటి మనిషిని, జ్యోతికను పిలవండి సార్," అని లేచింది ప్రవీణ. "ఎవరు చెప్పిండ్రో నాకు తెలిసింది."

నిజానికి అప్పటికి ఆమెకు తెలిసింది తప్పు మనిషి పేరు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. మణెమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని ఊళ్ళో మరదలితో మాట్లాడుతోంది. రోజూ ఉండే ముచ్చటే. ఎవరింట్లో పెళ్ళి, ఎవరి బర్రె ఈనింది, అన్నీ కావాలి ఆమెకు. అది చూడగానే ప్రవీణకు ఒళ్ళు మండింది.

"పెట్టెయ్యత్తమ్మా ఫోను. చెప్పింది చాలదా ఊరోళ్ళకు?"

మణెమ్మ ఫోన్ పెట్టేసి కోడలి మొహంలోకి చూసింది. "ఏందే, గట్లున్నవ్? ఏమైంది?"

"జగన్ చెల్లెలి సంగతి నువ్వే గదా వాళ్ళకు చెప్పింది? నా తలుపు కాడ నిలబడి విని, ఊరంతా చెప్పినవ్. నా బతుకు బజార్ల పెట్టినవ్."

ముసలామె చిక్కుడుకాయల చాటను పక్కకు జరిపింది.

"నన్ను అడుగుతున్నవా బిడ్డా, నేనే అని తేల్చుకోని అంటున్నవా?"

ఆ మాటకు ప్రవీణ తడబడింది. ఇరవై రోజులుగా లోకాన్ని తను అడుగుతున్నదీ సరిగ్గా అదే ప్రశ్న.

"నాకు చెవుల మిషన్ పెట్టి రెండేండ్లాయె," అంది మణెమ్మ. "ఆదివారం తానం చేసేముందు తీసి డబ్బల పెట్టి, తలారినంక, పగటీలి అన్నం వేళకు పెట్టుకుంట. పిలిస్తెనే ఇనపడదు నాకు. మూసిన తలుపెనుక నీ మాటలు ఎట్ల ఇనొస్తయ్? అడిగితే చెప్దును గదా. అడగకపోతివి."

అదంతా ప్రవీణకు తెలిసిన విషయమే. ఆ మిషన్ దవాఖానలో పెట్టించి తెచ్చింది తనే. కోపంలో అది కూడా మరిచిపోయింది. సిగ్గుతో ఆమె తల వంగిపోయింది. అప్పుడు చూసింది, గుమ్మంలో బూట్లు విప్పబోయి అలాగే ఆగిపోయిన మహిపాల్‌ను. ఎప్పుడొచ్చాడో. తల్లి మీద పడ్డ నింద మొత్తం విన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురు మనుషులు. అందులో ఇద్దరు పోతే మిగిలేది ఎవరో తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

"నువ్వా?" అంది ప్రవీణ.

"నేను కావాలని వినలేదు ప్రవీణా. చార్జర్ కోసం ఒచ్చిన, తలుపు కొడదామంటే జగన్ చెల్లెలి పేరు ఇనబడ్డది. వాడు మన ఊరోడు. రేపు ఆ పిల్ల బంగారం పట్టుకోని పోతే, తెలిసి గూడ చెప్పలేదని వాని ముందట నేను మొఖం ఎట్ల చూపియ్యాలె? ఇజ్జత్ సంగతి. మంచికే చెప్పిన."

"వాడు దాన్ని కొట్టిండు."

"గంత చేస్తడని నాకెట్ల తెలుసు?"

"సరే, తెల్వదు. మరి ఇరవై రోజులాయె నేను ఇంట్ల కూసోని. అదన్న తెలుసు గదా. రోజూ పొద్దుగాల నా ముందు నిలబడి, కంప్లైంట్ ఇచ్చినోళ్ళు బాగుపడరని శాపం పెట్టినవ్. నేనేమో నా మొగుడు నా దిక్కున్నడని సంబురపడ్డ. దెబ్బలు తిన్న పిల్లను తిట్టుకుంట, కొట్టించిన మనిషి చేత ఓదార్పు చెప్పించుకున్న. ఇంతకన్న ఇంకేం చేస్తరు ఎవరన్న?"

మహిపాల్ గోడకు ఆనుకున్నాడు. గొంతు తగ్గించి, ప్లాటు బేరం కుదిర్చే మనిషిలా ఒక మాట అన్నాడు.

"జర ఆలోచించు. నువ్వైతే చెప్పలేదు, అది నిజమే గదా. రేపు వాళ్ళ ముందట అదే చెప్పు. ఆ పిల్ల దోస్తే చెప్పి ఉంటదను. నా పేరు రాకుంటే నీ ఉద్యోగం నీకుంటది. నీ మీద మచ్చ పోతది. నేనొక్కణ్ణి నోరు మూసుకుంటె అయిపాయె."

దారి నున్నగానే ఉంది. ఒక్క అబద్ధమాడితే చాలు, పదకొండేళ్ళ పేరు తిరిగొస్తుంది. ఆ క్షణంలో ప్రవీణకు అది తియ్యగానే అనిపించిందని దాచడం ఎందుకు, అనిపించింది. కానీ ఆ అబద్ధం ఆడితే, జ్యోతికకు ఈ లోకంలో మిగిలిన ఆ ఒక్క స్నేహితురాలు కూడా దొంగవుతుంది. ఆ పిల్ల ఇంకెవరినీ నమ్మదు.

మణెమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. కొడుకు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నా మీద మాట పడంగ గుమ్మంల నిలబడి విన్నవ్. అమ్మ కాదు, నేనే అని ఒక్క మాట అననీకె నోరు రాలేదు నీకు. నిన్ను నేనేమన్న అనుడు దండగ. రేపు ప్రవీణతోని నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా? నాకు తెలిసింది నేను చెప్పొస్త."

మర్నాడు ముగ్గురిలో ఇద్దరు వెళ్ళారు, ప్రవీణ, ఆమె వెనక మహిపాల్.

రాఘవేంద్ర ఆమె అడిగినట్టే చేశాడు. బయటి నుంచి రాములమ్మ అనే రిటైరైన సైకాలజీ లెక్చరర్‌ను పిలిపించాడు. ఆమె ముందుగా అందరినీ కూర్చోబెట్టి, ఎవరు మాట్లాడుతున్నా మిగతావాళ్ళు మధ్యలో రావద్దని చెప్పి, అందరికంటే ముందు జ్యోతికను చెప్పమంది. వారం కిందటే ఇల్లు వదిలి, కట్టుబట్టలతో సైదాబాద్ స్నేహితురాలి ఇంటికి చేరిందట ఆ పిల్ల. దవడ మీద పాత దెబ్బ మచ్చ ఇంకా మాయలేదు. ప్రవీణ వైపు ఒక్కసారి కూడా చూడకుండా, ఉత్తరంలో రాసిందే మళ్ళీ చెప్పింది.

తర్వాత ప్రవీణ వంతు.

"ఆ మాటలు నేను ఎవరికీ చెప్పలేదు. కానీ నా ఇంట్లనించే పోయినయ్. నేను గట్టిగ తిరిగి చెప్తుంటే తలుపవతల మా ఆయన విన్నడు, వీళ్ళ అన్నకు చెప్పిండు. విన్న తప్పు ఆయనది. ఎవ్వరూ వినకుండ చూసుకోవాల్సిన మనిషిని నేను. తెలిసిన పిల్ల అని తెలిసి గూడ తీసుకున్న. అందుకని కంప్లైంట్ నిజమే అని రాసుకోండి."

"మీరు చెప్పలేదా మేడం?" అంది జ్యోతిక. మొదటిసారి తలెత్తి చూసింది.

"లేదమ్మా."

జ్యోతిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "అన్న కొట్టిండని గూడ గంత ఏడ్వలే. మేడం చెప్పిందా అని ఏడ్చిన," అంది. ప్రవీణకు కూడా కన్నీళ్ళు ఆగలేదు.

మహిపాల్ లేచి, తల వంచుకుని, చార్జర్ నుంచి జగన్ దాకా అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. చివర్లో, "నేను పోయి జగన్‌కు చెప్త తల్లీ, బంగారం సంగతి అబద్ధమని," అన్నాడు.

"మీరు ఇంక మా అన్నకు ఏమీ చెప్పకుండ్రి," అంది జ్యోతిక, కళ్ళు తుడుచుకుని. "చెప్పింది చాలు."

రాములమ్మ చాలాసేపు రాసుకుంది. ప్రవీణ ఆరు నెలలు ఎవరికీ కౌన్సెలింగ్ చేయకూడదంది. ఇళ్ళల్లోంచి ఫోన్‌లో మాట్లాడించే పద్ధతే సెంటర్ మానుకోవాలంది. జ్యోతికకు ఏ పరిచయమూ లేని మరో కౌన్సెలర్‌ను చూపించాలంది. ప్రవీణను అడక్కుండానే ఇంటికి పంపి, రాజీనామా కాగితం టైపు చేసిపెట్టినందుకు రాఘవేంద్ర ఆ తప్పును రాతపూర్వకంగా ఒప్పుకోవాలంది. పెద్దమనిషి మొహం చిన్నబోయింది గానీ, ఒప్పుకున్నాడు.

"అరుణజ్యోతిని గూడ పిలిచి అడగాలె సార్," అంది ప్రవీణ లేస్తూ. "అప్పుడు నేను గూడ అడగలేదు."

మెట్ల దగ్గర మహిపాల్ ఆమెను అందుకున్నాడు.

"ఆరు నెలలంటే అన్యాయం గదా ప్రవీణా. తప్పు నాదని నేను ఒప్పుకున్న గదా."

"అన్యాయం ఇరవై రోజులు జరిగింది. ఇది న్యాయమే. నన్ను అడిగిండ్రు, విన్నరు, నాకు రావాల్సింది ఇచ్చిండ్రు," అంది ప్రవీణ. ఆశ్చర్యంగా ఆమె మనసు చాలా రోజుల తర్వాత తేలికపడింది. ఆ తేలికదనంలోనే అతను చేసిన ద్రోహం ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.

మహిపాల్ రెండు మెట్లు దిగి ఆగిపోయాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"మరి నన్నేం చేస్తవ్?"

ప్రవీణ అతని వైపు చూసింది. పదహారేళ్ళుగా కలిసి బతుకుతున్న మనిషి. వెళ్ళిపో అనాలన్న మాట పొద్దుట్నుంచీ నాలుక చివరే ఉంది. నిన్న అత్తగారి మీద అలాంటి మాటే తొందరపడి వదిలింది.

"ఇప్పుడేం చెప్ప," అంది. "ఇరవై రోజులు నా మొఖం చూసుకుంట ఎట్ల ఉండగలిగినవో, ఒక్కొక్క రోజు సంగతి నాకు చెప్పాలె. ఏడ్వకుండ, బేరమాడకుండ చెప్పాలె. నువ్వు చెప్పేదంతా వింట. విన్నంకనే చెప్త, నీతోని ఉంటనో లేదో."

అతను తలూపాడు. రోడ్డు మీద పండ్ల బండి వాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. ఆమె ముందు నడిచింది, అతను వెనక దిగాడు.